ఎవరిని అడిగాం, ఎవరి ముందు అడిగాం: తాగుడు లెక్కల ఇంటింటి సర్వే

పని అప్పగించినవాళ్లు కోరింది ఒక్క టేబుల్. ఎడమవైపు వయసులు: 10–17, 18–29, 30–44, 45–59, 60 దాటినవాళ్లు. పైన వరసగా మద్యం, కల్లు, గంజాయి, నిద్రమాత్రలు, నొప్పి మందులు, పీల్చే ద్రావకాలు. ఒక్కో గడిలో ఒక్కో శాతం. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా. ఏ వయసువాళ్లకు ఎలాంటి చికిత్స కావాలో, ఎక్కడ కావాలో తేల్చడానికి ఇంటింటి సర్వే. ప్రశ్నపత్రం ఉంది, ట్యాబ్‌లు ఉన్నాయి, ఇన్వెస్టిగేటర్లకు ట్రైనింగ్ ఇవ్వడమే తరువాయి అన్నట్టు మొదటి మీటింగ్ ముగిసింది.

సర్వేల డిజైన్, ఫీల్డ్ పర్యవేక్షణ నా పని. వయసుతో పాటు తాగే అలవాటు మారుతుందని అందరికీ తెలుసు, దాన్ని కొలవడానికే వెళ్తాం. వయసుతో పాటు నిజం చెప్పే వీలు కూడా మారుతుందన్నది మాత్రం డిజైన్ మీటింగుల్లో ఎవరికీ గుర్తురాదు. పదహారేళ్ల కుర్రాడినీ, నలభై ఏళ్ల ఇంటి యజమానినీ, డెబ్బై ఏళ్ల అవ్వనూ ఒకే ప్రశ్న ఒకే తీరులో అడిగితే వచ్చే గ్రాఫులో ఈ రెండు మార్పులూ కలిసిపోయి ఉంటాయి. దేని వాటా ఎంతో తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు. ఆ పని ఫీల్డుకు పోకముందే కావాలి. ఈ కేసులో మేం చేసిన ప్రయత్నమంతా అదే.

ముందే ఉన్న లెక్కలు

ఏ సర్వే మొదలుపెట్టినా పాత అంకెలు ముందేసుకుంటాం. మన దేశంలో మగవాళ్లలో తాగేవాళ్లెందరు అని వెతికితే నాలుగు జవాబులు దొరికాయి. 2000–01 జాతీయ సర్వే 21.4 శాతం అంది. 2018లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని డ్రగ్ డిపెండెన్స్ చికిత్స కేంద్రం చేసిన సర్వే 27.3 శాతం అంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ఒక పేజీలో 18.8 అంటుంది, అదే రిపోర్టు ఇంకో పేజీలో 22 అంటుంది.

వీటిని వరసగా పెట్టి ‘తాగుడు పెరిగి మళ్లీ తగ్గింది’ అని వార్త రాయొచ్చు, రాసినవాళ్లూ ఉన్నారు. కానీ ఇవి నాలుగు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. 2000–01 సర్వేలో ఆడవాళ్లే లేరు. 12 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు 40,697 మందిని అడిగారు, గత నెల రోజుల్లో తాగారా అని. 2018 సర్వే 10 నుంచి 75 ఏళ్ల ఆడా మగా ఇద్దర్నీ అడిగింది, గత 12 నెలల గురించి. నెల రోజుల లెక్కకు దసరాకు మాత్రమే తాగేవాడు అందడు, ఏడాది లెక్కకు అందుతాడు.

కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు అంకెలు ఎందుకున్నాయో చూస్తే మా పనికి కావలసిన పాఠం దొరికింది. 18.8 శాతం 15 ఏళ్లు దాటిన మగవాళ్లందరిదీ. ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని, ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ, ఈయన తాగుతాడా, ఈమె తాగుతుందా అంటే ఇచ్చిన జవాబుల నుంచి వచ్చింది. 22 శాతం 15–49 ఏళ్ల మగవాళ్లది. అది వాళ్లనే నేరుగా అడిగితే చెప్పింది. వయసు హద్దులు వేరు కాబట్టి ఆ తేడా అంతా జవాబిచ్చిన మనిషి వల్లే వచ్చిందనలేం. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదన్నది మాత్రం ఖాయం. నిజంగా పోల్చదగినది నాలుగో విడతలో ఇదే 15–49 వయసువాళ్లకు వేసిన ఇదే ప్రశ్న. అప్పుడు 29 శాతం.

ఇక మన రాష్ట్రాల సంగతి. ఐదో విడత ఇంటి లెక్క ప్రకారం 15 దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3. ఆడవాళ్లలో తెలంగాణ 6.7, ఆంధ్ర 0.5. దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 1.3. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న చోట ఇంత తేడా ఏమిటని మీటింగులో ఒకాయన అడిగారు. తాగుడులోనే తేడా ఉంది, అందులో అనుమానం లేదు. అయితే కల్లు తాగడం సిగ్గుపడే సంగతి కాని ఊళ్లో కోడలు అత్త ముందే ‘తాగుత’ అంటుంది. అది తప్పనుకునే ఊళ్లో తాగే ఆడమనిషి కూడా అనదు. ఇటువైపు 2016 నుంచి మద్యం పూర్తిగా బంద్ అయిన బీహార్‌ను చూడండి. అక్కడ అదే సర్వేలో మగవాళ్లు 15.5 శాతం. చట్టానికి భయపడి దాచినవాళ్లు పోగా మిగిలిన లెక్క అది.

‘మా పోరడు గసొంటియి ముట్టడు’

ఇంటి పెద్దను అడిగి అందరి లెక్కా రాసుకునే పద్ధతి చవక. ఒక్కసారి తలుపు తడితే చాలు. మాకిచ్చిన ప్రశ్నపత్రంలోనూ అదే ఉంది. అసలు సర్వేకు ముందు కొన్ని ఇళ్లలో చేసే పైలట్‌లో రెండు పద్ధతులూ ఒకే ఇంట్లో చేసి చూశాం. ముందు ఇంట్లో ఉన్నవాళ్లను అందరి గురించీ అడగడం, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగడం.

భార్య భర్త గురించి చెప్పింది దాదాపు సరిపోయింది. ఎంత తాగుతాడో కూడా ఆమెకే బాగా తెలుసు, జేబులోంచి పోయే డబ్బు ఆమె లెక్కలో ఉంటుంది కనుక. కొడుకు దగ్గరికొచ్చేసరికి కథ మారింది. ‘మా పోరడు గసొంటియి ముట్టడు సారూ, మంచిగ సదువుకుంటడు’ అని తల్లి చెప్పిన ఇంట్లోనే, పెరట్లోకి తీసుకెళ్లి అడిగితే ఆ పోరడు బీరు బ్రాండ్ పేరుతో సహా చెప్పాడు. తల్లి అబద్ధమాడలేదు, ఆమెకు తెలియదు. ముసలివాళ్ల విషయంలో ఇంకో రకం. ‘నాయినకు ఇప్పుడేం తాగుడు, లేవనే లేవడు’ అని కొడుకు అంటాడు. అదే నాయిన సాయంత్రం కల్లు దుకాణం దాకా కర్ర పట్టుకుని పోతాడు.

అంటే ఒకరి గురించి ఇంకొకరు చెప్పే లెక్క నడివయసులో నమ్మదగ్గదిగానే ఉంటుంది, రెండు చివరలా కింద పడుతుంది. గ్రాఫు గీస్తే మధ్యలో గుట్ట, అటూ ఇటూ వాలు. ఆ గుట్టలో కొంత నిజం, కొంత మనం అడిగిన తీరు సృష్టించింది. చికిత్స బడ్జెట్ అంతా నడివయసు మగవాళ్లకే చాలని తేలేది ఇలాంటి గ్రాఫుల నుంచే.

అందుకని ఎవరి మాట వాళ్లే చెప్పాలన్న నిబంధన పెట్టాం. ఖర్చు పెరిగింది, అప్పగించినవాళ్లతో రెండు మూడు మీటింగులు వేడిగానే నడిచాయి. ఇంట్లో అందర్నీ కాకుండా, వయసు వర్గానికి ఒకరిని ట్యాబ్ దానంతటదే ఎంచేలా చేసి సర్దుబాటు చేశాం. ‘ఎదురుగా ఉన్నాడు కదా’ అని ఇన్వెస్టిగేటర్ ఎవరినో ఒకరిని కూర్చోబెట్టకుండా ఇది ఆపుతుంది. ఇంట్లో ఎదురుగా ఉండేది ఎప్పుడూ ముసలివాళ్లూ, చిన్నపిల్లల తల్లులూనే.

కల్లు గడి

ఈ జిల్లాలో అసలు కష్టం ఇదే.

‘మీరు మద్యం తాగుతారా’ అన్న ప్రశ్నకు ఒక అవ్వ లేదంది. ఇన్వెస్టిగేటర్ అమ్మాయి లేదు అని నొక్కేసి ముందుకు పోబోతుంటే ఆగమన్నాను. అవ్వ చాప పక్కనే సీసా ఉంది. ‘అవ్వా, కల్లు?’ అంటే నవ్వింది. ‘కల్లు తాగుడు తాగుడేంది బిడ్డా! పొద్దుమూకితే ఒక సీస. లేకుంటె నిద్ర వట్టదు.’ ఈ ఒక్క ఇల్లు చూశాకే మద్యం అన్న మాట ప్రశ్నలోంచి తీసేశాం. బొమ్మల అట్ట తయారు చేయించాం: కల్లు సీసా, లొట్టి, బీరు, విస్కీ క్వార్టర్, బ్రాందీ, గుడుంబా ప్యాకెట్. ‘వీటిల్లో గత ఏడాదిలో ఏదైనా ముట్టారా’ అని ఒక్కోదాని మీద వేలు పెట్టి అడగాలి. అరవై దాటినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, జవాబు మారింది ఇక్కడే. కుర్రాళ్లలో ఏమీ మారలేదు, వాళ్లకు మద్యం అంటే మద్యమే. ఒక పదం మారిస్తే ఒక వయసు లెక్కే కదిలి, ఇంకో వయసుది కదలకపోవడం గమనించండి.

ఇప్పుడు ఆ అవ్వ మాటలో రెండో సగం. ‘లేకుంటె నిద్ర వట్టదు.’ ఏమీ కలపని చెట్టు కల్లు మానేస్తే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం అంత సులువుగా రాదు. తెలంగాణలో చాలాచోట్ల దుకాణంలో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతారన్నది కొత్త సంగతి కాదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం వరస కట్టారు. వాళ్లకు అందనిది కల్లు కాదు, అందులోని నిద్రమందు. ఏ సర్వే అడిగినా వాళ్లు నిద్రమాత్రలు వాడనివాళ్లే. అడిగితే ‘నిద్రగోలీలా? నాకెందుకు’ అంటారు, అది నిజమే.

2018 జాతీయ సర్వే ప్రకారం దేశంలో వైద్యుల సలహా లేకుండా మత్తు, నిద్ర మందులు వాడేవాళ్లు 1.08 శాతం, అంటే సుమారు 1.18 కోట్ల మంది. పెద్దల్లో 1.21, పిల్లల్లో 0.58. తెలిసి మాత్ర మింగేవాళ్ల లెక్క ఇది. కల్లు సీసాలో తెలియకుండా తాగేవాళ్లు ఇందులో ఎక్కడా రారు. ఇంటింటి సర్వేతో వాళ్లను పట్టుకోవాలంటే లక్షణాలు అడగాలి. ‘రెండు రోజులు కల్లు దొరకకపోతే ఏమైతది? చేతులు వణుకుతయా? ఫిట్స్ వచ్చినయా?’ ఈ మూడు నాలుగు ప్రశ్నలు కలిపాం. జవాబుల్ని మేం నిద్రమాత్రల గడిలో వేయలేదు. కల్లులో ఏముందో పరీక్ష చేయకుండా అలా వేయడం తప్పు. ‘కల్లు, మానితే లక్షణాలతో’ అని విడి గడి పెట్టాం. ఆ జిల్లాకు ఆ టేబుల్లో అన్నిటికన్నా పనికొచ్చే గడి అదేనని నా అభిప్రాయం. ఏ వయసువాళ్లున్న ఊళ్లలో, కల్లు దుకాణాల మీద దాడికి ముందు, ఆసుపత్రిలో ఏ మందులు సిద్ధంగా ఉంచాలో అది చెబుతుంది.

డాక్టర్ రాసిచ్చిన మాత్రల సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లను పేర్లు అడిగితే చెప్పలేరు. ‘గోలీల పట్టీ ఒకసారి చూపియ్యి తాతా’ అంటే బియ్యం డబ్బా వెనక నుంచి తీసుకొస్తారు. చీటీ ఎప్పటిది, ఎన్ని రోజులకు రాశారు, ఇంకా ఎందుకు వేసుకుంటున్నారు అన్నవి అప్పుడు అడగొచ్చు.

క్వార్టర్ లెక్క

తాగుతారా అన్నది తేలాక ఎంత అన్నది రావాలి. తాగుడు ఎంత ముదిరిందో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ స్కేలులో మూడో ప్రశ్న ‘ఒక్కసారి కూర్చుంటే ఆరు డ్రింకులు లేదా అంతకన్నా ఎక్కువ ఎంత తరచుగా తాగుతారు’ అని. మన ఊళ్లో డ్రింకులు ఎవరూ లెక్కపెట్టరు. క్వార్టర్, నైంటీ, బీరు, అంతే.

లెక్క వేసి చూడండి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మిల్లీలీటర్లంటే సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్, అదే మన దేశంలో ఒక డ్రింక్. క్వార్టర్ 180 మిల్లీలీటర్లు కాబట్టి సరిగ్గా ఆరు డ్రింకులు, దాదాపు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘అతిగా తాగడం’ అనే గీత కూడా 60 గ్రాముల దగ్గరే గీసింది. దుకాణంలో మామూలుగా కొనే సీసాయే ఆ గీత మీద నిలబడి ఉంది. అందుకే మేం ప్రశ్నను ‘ఒక క్వార్టర్ మొత్తం మీరొక్కరే తాగిన రోజులు’ అని మార్చాం. జవాబు చకచకా వచ్చింది. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్లది, 8 శాతం రకమైతే నాలుగు డ్రింకులు. అంటే రెండు బీర్లు తాగిన కుర్రాడు ‘నేను హార్డ్ ముట్టను’ అన్నా గీత దాటినట్టే. 18–29 వయసులో ఈ మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

కల్లు మాత్రం ఈ లెక్కకు లొంగదు. పొద్దున దించినది, సాయంత్రం దాకా పులిసినది ఒక్కటి కాదు. సీసాల సంఖ్య రాసుకున్నాం, గ్రాముల్లోకి మార్చలేదు.

ఇంట్లో లేనివాళ్లు

ఇంటింటి సర్వే పేరులోనే దాని బలహీనత ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లే దొరుకుతారు. ఏ వయసువాళ్లు ఇంట్లో ఉండరో చూడండి. పదో తరగతి దాటిన పిల్లలు ఇంటర్ కోసం హైదరాబాద్, విజయవాడ హాస్టళ్లలో. ఇరవై దాటినవాళ్లు సిటీలో రూమ్ షేరింగులో, లేదంటే దుబాయ్, మస్కట్‌లలో. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు పోని ఇల్లున్న వీధి వెతుక్కోవాలి. ఇంట్లో ఉన్న కుర్రాళ్లు పగలు పనిలో.

అమెరికాలో 1971 నుంచి నడుస్తున్న ఇంటింటి డ్రగ్ సర్వే ఏటా దాదాపు 70,000 మందితో మాట్లాడుతుంది. 2014 నుంచి అందులో పావు వంతు 12–17 వాళ్లకు, పావు వంతు 18–25 వాళ్లకు, మిగిలిన సగం 26 దాటినవాళ్లకు ముందే కేటాయిస్తున్నారు. జనాభాలో కుర్రాళ్ల వాటా అంత ఉండదు. అయినా కావాలని ఎక్కువమందిని తీసుకుని, తర్వాత జనాభాలో వాళ్ల అసలు వాటాకు తగ్గట్టు లెక్కను కుదించే వెయిట్లతో సరిచేస్తారు. మేమూ అదే దారిలో 18–29 వాళ్లను ఎక్కువగా ఎంచుకున్నాం. అయితే అక్కడిలాగే ఇక్కడా జైళ్లలో, రోడ్ల మీద ఉన్నవాళ్లు రారు. వెయిట్లు వేసి లేని మనిషిని పుట్టించలేం. ఊళ్లో మిగిలిన ఇరవై ఏళ్లవాడు హాస్టల్లో ఉన్న ఇరవై ఏళ్లవాడి తరఫున జవాబు చెప్పలేడు. ఇద్దరి చేతిలో డబ్బు వేరు, దొరికే సరుకు వేరు.

టైమింగ్ ఇంకో తంటా. మగవాళ్లు దొరికేది సాయంత్రం ఏడు తర్వాత. కానీ తాగేవాళ్లు ఏడు తర్వాత తాగి ఉంటారు. తాగినవాడి సమ్మతి సమ్మతి కాదు, అప్పుడు తీసుకున్న జవాబు పెట్టుకోకూడదు. కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, పొలానికో అడ్డాకో పోకముందు అన్నది స్లాట్‌గా పెట్టాం. పళ్లు తోముకుంటూ జవాబు చెప్పినవాళ్లున్నారు. ఆదివారం పొద్దున అయితే ఇంకా మంచిది, పదకొండు దాకా. ఆ తర్వాత ఎవరూ దొరకరు, దొరికినా పనికిరారు.

వయసు రాసుకోవడం గురించి క్లుప్తంగా. పెద్దవాళ్లు ‘అరవై ఉంటయి రాస్కో’ అంటారు. యాభై, అరవై, డెబ్బై దగ్గర జనం గుట్టలు పడతారు. 60 దగ్గర గీత గీసిన టేబుల్‌కు అది ప్రమాదం. ఆధార్ కార్డులో చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1. అందుకే సంఘటనల క్యాలెండర్ ఒకటి ఇచ్చాం: ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రి అయిన 1983, సారా బంద్ అయిన 1993, సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన 1995. ‘సారా బంద్ అయినప్పుడు నీకు పెళ్లయిందా, పిల్లలున్నరా’ అంటే వయసు రెండు మూడేళ్ల తేడాతో పట్టుబడుతుంది. మొదటిసారి ఎప్పుడు తాగారన్న ప్రశ్నకూ అదే క్యాలెండర్ పనికొచ్చింది.

పిల్లల దగ్గర

10–17 వయసు. తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లవాడి ఒప్పుకోలు కావాలి, తర్వాత ఆ తల్లిదండ్రులే వినకుండా అడగాలి. అనుమతి ఇచ్చిన తల్లి గుమ్మంలోంచి కదలదు. మన ఇళ్లలో తలుపు వేసి మాట్లాడటం కుదరదు, వేస్తే వీధంతా గుమిగూడుతుంది.

అమెరికా సర్వే 1999 నుంచి వాడుతున్న పద్ధతే ఇక్కడ ఆదుకుంది. హెడ్‌ఫోన్స్‌లో ప్రశ్న వినిపిస్తుంది, మనిషి తెరమీద నొక్కుతాడు. తల్లి ఎదురుగా కూర్చున్నా ఆమెకు ఏమీ వినపడదు. మా ప్రశ్నల్ని ఆ జిల్లా యాసలోనే ఒక అమ్మాయితో చదివించి రికార్డు చేశాం. పిల్లలు ఇష్టంగా వాడారు. అదే హెడ్‌ఫోన్స్ ముసలివాళ్లకు పెడితే పక్కకు తీసేశారు. వినికిడి తగ్గిన తాతను మామూలుగా అడిగితే ఇన్వెస్టిగేటర్ అరవాలి, అరిస్తే పక్కింటికి వినపడుతుంది. వాళ్లకు బొమ్మల అట్టే గతి, వేలు పెట్టి చూపిస్తారు. ఒకే సర్వేలో మూడు వయసులకు మూడు పద్ధతులు వాడితే పోలిక చెడదా అని స్టాటిస్టీషియన్ అడిగారు, న్యాయమైన ప్రశ్న. ఒకే పద్ధతి వాడితే పోలిక చెడిపోయినట్టు కనపడదు, అంతే తేడా. కొన్ని ఇళ్లలో నడివయసువాళ్లకు లాటరీ మీద అట్టో హెడ్‌ఫోనో ఇచ్చి, పద్ధతి వల్ల ఎంత కదులుతుందో విడిగా చూసుకున్నాం.

పిల్లల లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది, ఇది అంకెలది. 2018 సర్వేలో పీల్చే ద్రావకాలు మాత్రమే పెద్దల కన్నా పిల్లల్లో ఎక్కువ: పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి. అదే సర్వేలో 10–17 వాళ్లలో మద్యం 1.3 శాతం అయితే నల్లమందు జాతి మత్తులు 1.8. మద్యం కన్నా ఎక్కువ! దగ్గుమందులూ ఈ జాతిలోకే వస్తాయి కాబట్టి అసాధ్యం కాదు, కానీ ఇలాంటి వరస కనపడినప్పుడు నేను ముందు ఆగుతాను. దేశమంతటా 4,73,569 మందిని అడిగిన సర్వే అది. మా జిల్లాలో 400 మంది పిల్లలు దొరికారనుకోండి, 1.17 శాతమంటే ఐదుగురు కూడా కారు.

అంతకన్నా ఘోరం, పొరపాటున నొక్కినవాళ్లు. వెయ్యి మందిలో నిజంగా వాడేవాళ్లు ఐదుగురనుకుందాం. మిగతావాళ్లలో నూటికి ఒకరు సరదాకో తెలియకో ‘అవును’ నొక్కినా దాదాపు పదిమంది దొంగ అవునులు. నిజం కన్నా అబద్ధం రెట్టింపు. ఐరోపా స్కూలు సర్వే ఎస్పాడ్‌లో ‘రెలెవిన్’ అనే లేని డ్రగ్‌ను జాబితాలో కలిపింది ఇందుకే. దాన్ని వాడామన్న పిల్లవాడి మిగతా జవాబులూ నమ్మం. మేమూ ఒక లేని పేరు పెట్టాం. ఏమిటో రాయను, మళ్లీ వాడుకోవాలి.

గంజాయి ఇంటి గుమ్మంలో దొరకదు

వాడకం కూడా నేరమే. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం గంజాయి తాగితే ఆరు నెలల దాకా, హెరాయిన్ అయితే ఏడాది దాకా శిక్ష పడొచ్చు. చికిత్సకు ముందుకొచ్చేవాళ్లకు అదే చట్టం సెక్షన్ 64ఏ కింద రక్షణ ఉంది గానీ, గుమ్మంలో నిలబడి ట్యాబ్ పట్టుకున్న అపరిచితుడికి అది ఇంటివాళ్లకు వివరించి ఒప్పించేంత టైం ఎక్కడ? పేర్లు ట్యాబ్‌లో లేవని చూపించినా సగం మంది మమ్మల్ని ఎక్సైజ్ వాళ్లనుకున్నారు.

2018 సర్వే చేసినవాళ్లకు ఇది తెలుసు కాబట్టే రెండు పనులు చేశారు. 186 జిల్లాల్లో 2,00,111 ఇళ్లకు వెళ్లారు. అది కాక 123 జిల్లాల్లో మత్తు వాడే 72,642 మందిని వాళ్ల స్నేహితుల ద్వారానే వెతికి మాట్లాడారు. వాడే ఒకరికి కూపన్లు ఇస్తే తన తోటివాళ్లకు ఇస్తాడు, వాళ్లొచ్చి ఇంకొందరికి ఇస్తారు. తర్వాత గుణకారం. ఉదాహరణకు జిల్లా డీఅడిక్షన్ సెంటర్ రిజిస్టరులో ఏడాదిలో 200 మంది ఉన్నారు, కూపన్ల ద్వారా వచ్చినవాళ్లలో పదికి ఒకరు ఆ సెంటర్‌కు వెళ్లామన్నారు అనుకోండి. అప్పుడు జిల్లాలో సుమారు 2,000 మంది. మా జిల్లాకు ఇది విడిగా చేయాలని గట్టిగా చెప్పాం. బడ్జెట్ లేదన్నారు.

పేపర్లో రోజూ వచ్చే ‘ఇన్ని కిలోల గంజాయి పట్టివేత’ను ఈ గడిలో వేయలేమా అని కూడా అడిగారు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే లారీ మన జిల్లా మీదుగా పోతూ పట్టుబడితే ఇక్కడ తాగేవాళ్లు పెరిగినట్టా? పోలీసులు ఎక్కువ చెక్‌పోస్టులు పెడితే కిలోలు పెరుగుతాయి. అది పోలీసుల పని లెక్క, వాడకం లెక్క కాదు.

ఇచ్చిన లెక్క

మద్యం, బీరు, కల్లు మూడూ 18 దాటిన అన్ని వయసులకూ ఇచ్చాం, అసలు లెక్క ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు ప్రతి శాతం పక్కనా పెట్టి. 18–29 వరుస కింద ‘హాస్టళ్లు, వలస వెళ్లినవాళ్లు లేరు’ అని అదే సైజు అక్షరాల్లో రాశాం, అడుగున చుక్క గుర్తుతో కాదు. 10–17కు మద్యం ఒక్కటే ఇచ్చాం, మిగతావి ఇవ్వలేదు. గంజాయి నిలువు వరుస మొత్తం తీసేశాం. ఖాళీగా వదిలితే ఎవరో సున్నా అనుకుంటారని.

ఆఫీసులో ఒకరికి ఇది నచ్చలేదు. ‘రాష్ట్ర సగటు వేసి నింపండి, బాగుండదు’ అన్నారు. రాష్ట్ర సగటు వేసేదైతే జిల్లా సర్వే ఎందుకని అడిగాను. మాటలు పెరిగాయి, తగ్గాయి, టేబుల్ అలాగే పోయింది. తర్వాతి విడతలో ఇంటర్ హాస్టళ్లను విడి భాగంగా, పేరు రాయని రాతపూర్వక ప్రశ్నపత్రంతో చేర్చాలని ఒప్పుకున్నారు. కూపన్ల పద్ధతి ఇంకా ఫైల్లోనే ఉంది.

ఒక ఏర్పాటు మాత్రం ఎవరు ఇలాంటి సర్వే చేసినా మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. ప్రశ్నలు అడిగితే కొందరు సాయం అడుగుతారు. ఒక తాత, ‘రేపటి సంది బంద్ చేస్త, రాస్కో’ అన్నాడు. రోజూ పొద్దున లేవగానే తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లకు ‘ఒక్కసారే బంద్ చెయ్యకు తాతా, ముందు డాక్టరుకు చూపించుకో’ అని చెప్పడం ఇన్వెస్టిగేటర్ ట్రైనింగులోనే ఉండాలి. జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ రోజులు, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉన్న చీటీ మేం ప్రతి ఇంటికీ ఇచ్చాం, తాగుతామన్నవాళ్లకూ లేదన్నవాళ్లకూ. కొందరికే ఇస్తే ఆ చీటీ చేతిలో ఉన్నవాడెవడో వీధికి తెలిసిపోతుంది.